అప్పాయమ్మ చెప్పిన రెండు చిట్కాలు

కలకత్తా న్యూ టౌన్‌లోని ఆ పద్నాలుగు అంతస్తుల భవనంలో రోజూ గడపగడపకీ వెళ్ళి చెత్త దించేది అప్పాయమ్మ. ఆమె మామ విజయనగరం వైపు నుంచి వచ్చి కలకత్తా కార్పొరేషన్‌లో చీపురు పట్టిన నాటి నుంచీ ఇంటిల్లిపాదిదీ అదే పని. ఆమె జీతమెంతో చెబితే ఎవరూ నమ్మరు. దానితో ఐదుగురు తింటున్నారంటే అసలు నమ్మరు.

నమ్మనివాళ్ళలో భవన సంఘం కార్యదర్శి సోమశేఖర్ ఒకడు. విజయవాడ నుంచి బదిలీ మీద వచ్చిన బ్యాంకు అధికారి. భవనం ఖర్చులు తగ్గిస్తానని మాటిచ్చి గెలిచాడు.

"అంత జీతంలో ఎలా నెట్టుకొస్తున్నావు అప్పాయమ్మా? నాకూ కాస్త చెప్పు," అన్నాడు ఒక ఉదయం.

తన దగ్గర నేర్చుకుంటానన్న పెద్దమనిషిని ఆమె అదే మొదటిసారి చూడడం. ఉబ్బిపోయింది.

"ఏటుంది బాబూ! కూరలోళ్ళు గోనెలు సుట్టీసే యేళకి బజారుకెల్తాను. పప్పు సగం ఉడికినాక పొయ్యి కట్టీసి గిన్నెకి పాత దుప్పటి సుడతాను, మిగతాది అదే ఉడుకుతాది. ఎవులికీ అక్కర్లేని మిషను ఏదుంటే దాన్ని ఆపీడమే."

సోమశేఖర్ చివరి మాట ఒక్కటే పట్టుకున్నాడు. మర్నాటికల్లా పనివాళ్ళ లిఫ్టు ఆగిపోయింది.

ఎవరికీ అక్కర్లేని మిషను అదేనట. ఇళ్ళవాళ్ళ లిఫ్టు మాత్రం తిరుగుతూనే ఉంది. అందులో కుక్కలకు చోటుంది, చీపురుకు లేదు. అప్పాయమ్మ ఆరో అంతస్తు ఎక్కేసరికి తన నోటిని తానే తిట్టుకుంది. వారానికి మోకాళ్ళు వాచాయి. నాలుగు రోజులు మంచానపడితే చీపురు ఇంకొకరి చేతికి పోతుంది, గట్టిగా అడిగినా పోతుంది. కాంట్రాక్టు పనికి ఉన్న హక్కులు అంతే.

అందుకని అడగలేదు. ఇంకో చిట్కా చెప్పింది.

"మా ఇంట్లో సెత్త రోజూ పారబొయ్యం బాబూ, బకీటు నిండినాకే. మూడు దినాలకోపాలి ఎత్తితే మీకు నల్ల సంచీల ఖర్చు మిగుల్తాది."

"ఈ మాట ముందే చెప్పాల్సింది," అంటూ సోమశేఖర్ అప్పటికప్పుడు నోటీసు అంటించాడు.

అప్పాయమ్మ ఇంట్లో చెత్త అంటే ఉల్లిపొట్టు. ఈ ఇళ్ళలో శనివారం రొయ్యలు, ఆదివారం ఇలిష్ చేప, పైన వానాకాలపు ఉక్క. ఆ తేడా ఆయన అడగలేదు, ఆమె చెప్పలేదు. శనివారం పొద్దున చెత్త ఎత్తింది, మళ్ళీ మంగళవారమే.

సోమవారం తెల్లారగానే సోమశేఖర్ భార్య ఉదయశ్రీ ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుంది. "ఆ బకెట్ దించుతారా, నన్ను హౌరాలో రైలెక్కిస్తారా?"

ఆయన బకెట్ పట్టుకుని లిఫ్టు తలుపు తెరిచేసరికి లోపల నలుగురు పెద్దమనుషులు, నాలుగు బకెట్లు. ఒకరి మొహం ఒకరు చూసుకోవడం లేదు. ప్రతి అంతస్తులోనూ లిఫ్టు ఆగింది, ప్రతి అంతస్తులోనూ ఇంకో బకెట్ ఎక్కింది. మూడో అంతస్తు కుక్క మాత్రం అందులోకి రానని మొరాయించింది.

కింద అప్పాయమ్మ స్టూలు మీద కూర్చుని, "ఇలాగియ్యండి దాదా," అంటూ ఒక్కొక్కరి బకెట్ అందుకుంది.

ఇళ్ళవాళ్ళ లిఫ్టుకి పట్టిన కంపు ఎంత కడిగినా వదల్లేదు. మధ్యాహ్నానికి పనివాళ్ళ లిఫ్టు కదిలింది. అప్పాయమ్మ ఎక్కి పద్నాలుగో నంబరు నొక్కింది. సోమశేఖర్ తలుపు పట్టుకుని నిలబడ్డాడు.

"నిజం చెప్పు. ఇలా అవుతుందని నీకు ముందే తెలుసు కదూ?"

"తలుపు ఒగ్గీండి బాబూ," అంది అప్పాయమ్మ. "ఊరికే కరెంటు కాలిపోతంది."