పెద్ద మాగ్నమ్ అడిగిన అబూ సాలెహ్

కరోనా ఆంక్షలు పూర్తిగా తొలగిన తర్వాత వచ్చిన మొదటి చలికాలంలో నేను రియాద్‌లోని ఒక లైసెన్సు తుపాకుల దుకాణంలో ఆర్మరర్‌గా చేరాను. అంతకుముందు మన సైన్యంలో అదే పని చేసి, హవల్దారు హోదాలో పింఛను పుచ్చుకున్నవాణ్ని. ఆర్మరర్ అంటే తుపాకి కాల్చేవాడు కాదు, కాల్చేవాడి తుపాకిని బాగుచేసేవాడు. ఈ ముక్క మా జగిత్యాలలో ఎంత చెప్పినా ఎవరికీ ఎక్కదు. సౌదీలో బందూకు భుజాన వేసుకుని ఎడారిలో తిరిగానని మా బావమరిది ఇప్పటికీ అందరికీ చెబుతుంటాడు. నిజానికి నా చేతిలో ఎప్పుడూ ఉన్నవి స్క్రూడ్రైవరు, నూనె గుడ్డ.

దుకాణం వెనక గదిలో నా పనిబల్ల ఉండేది. ముందు గదిలో మా కఫీల్ కూర్చునేవాడు. కఫీల్ అంటే యజమాని మాత్రమే కాదు. నా వీసాకూ, అక్కడ ఉండనిచ్చే ఇకామా కార్డుకూ ఆయనే పూచీదారు. మంచివాడే. కాకపోతే అద్దాల బీరువాలో ఒక రైఫిలు ఏడాదిగా కదలకుండా కూర్చుని ఆయనకు కంట్లో నలుసైపోయింది. అది త్రీ థర్టీ ఎయిట్ మాగ్నమ్. ఎవరైనా దాని గురించి అడిగితే మంచిదని మాత్రమే చెప్పమని నాకు ఆజ్ఞ.

మాగ్నమ్ అంటే ఏమిటో తెలియనివారి కోసం చెబుతాను. తూటా అంటే ఒక ఇత్తడి గొట్టం, దానిలో మందు, మూతిన గుండు. గొట్టం మామూలుకంటే పెద్దదై, మందు ఎక్కువ పడితే అది మాగ్నమ్. గుండు వేగంగా పోతుంది, దూరం వెళ్లినా తక్కువ జారుతుంది, గాలికి తక్కువ పక్కకు పోతుంది. దూరం నుంచి వేటాడేవాళ్లకు ఇవన్నీ లాభాలే. అయితే మందు గుండును ముందుకు తోసినట్టే తుపాకిని వెనక్కీ తోస్తుంది. ఆ తోపును మోయాల్సింది భుజం. మా దుకాణంలో వేట మాగ్నమ్‌లు మూడు రకాలు: సెవెన్ ఎంఎం, త్రీ హండ్రెడ్, త్రీ థర్టీ ఎయిట్. చివరిది ముగ్గురిలో పెద్దన్న. దాని దెబ్బ భుజానికే కాదు, పళ్లకు కూడా తెలుస్తుంది.

ఒకరోజు మధ్యాహ్నం అబూ సాలెహ్ వచ్చాడు. ఉనైజాలో ఖర్జూర తోటలున్న ఆసామి, డెబ్బైకి దగ్గర పడ్డవాడు. సొంత దేశంలో కొండమేకల వేట నిషేధం కాబట్టి, ఏటా మధ్య ఆసియా కొండలకు పర్మిటు తీసుకుని వెళ్లేవాడు. చాలా ఏళ్లుగా వాడుతున్న సెవెన్ ఎంఎం మాగ్నమ్ తెచ్చి బల్ల మీద పెట్టి, దీనిలో బలం చాలడం లేదు, పెద్దది కావాలన్నాడు. మా కఫీల్ ముఖం చాటంత అయింది. బీరువా తాళాలు గలగలలాడాయి.

పాత రైఫిలును పరీక్షించమని నాకు ఇచ్చారు. తుపాకి గొట్టం లోపలి గాడులు చెడలేదు, మరలు బిగువుగా ఉన్నాయి, పైన గురి చూసే దుర్బిణి, అదే స్కోపు, నిటారుగా ఉంది. వంక పెట్టడానికి ఏమీ దొరకలేదు. నేను మాట్లాడుతుంటే ఆయన తలగుడ్డ సర్దుకున్నాడు. అప్పుడు కనబడింది, కుడి కనుబొమ్మ మీద నెలవంకలాంటి మచ్చ. స్కోపు అంచు వెనక్కి వచ్చి తగిలితే పడే ముద్ర అది. సైన్యంలో కొత్త రంగరూట్ల ముఖాల మీద చాలా చూశాను. ఏమిటని అడిగితే తలుపు తగిలిందన్నాడు. నేనూ తలుపే అయి ఉంటుందన్నాను.

ఆయన డ్రైవరు మల్లేశంది మా పక్క మండలమే. టీ తాగుతూ వెనక గదిలో కూర్చున్నప్పుడు అసలు సంగతి వాడు చెప్పాడు.

"తలుపు లేదు, గిలుపు లేదన్నా. పోయినేడు గా కొండల్ల మొదటి గుండు కాల్చినప్పుడు తుపాకే తన్నింది. రెండో గుండు మేకకు నడుమ్ల తాకిందట, సావక ఉరికిందట. రెండు దినాలు దేవులాడిన్రు, దొర్కలే."

"మరి ముసలాయన ఏమంటడు?"

"ఏమంటడు? అన్నం ముందట కూసుంటే గదే యాదికొస్తదట. ఈసారి గూడ గట్లనే అయితే తుపాకి అమ్మేస్తా, మళ్ల ముట్ట అని కొడుకులకు చెప్పిండు. ఆయనకు వేట తప్ప ఏం సరదా ఉన్నదన్నా? తోట, నమాజు, గా వేట. గంతే."

దేవుడి పేరు తలుచుకుని కాల్చాలి, దెబ్బతిన్న జంతువును వెతికి పట్టుకుని తీరాలి. అది వాళ్లలో పట్టింపున్న వేటగాళ్ల పద్ధతి. ఎక్కడో బండల మధ్య ఆ మూగజీవం ఎంతసేపు కొట్టుకుని చచ్చిందోనన్న బాధ ఆయనను తినేస్తోంది. తప్పు తూటా బలంలో ఉందని ఆయన నమ్మాడు. నాకు మాత్రం తప్పు ఆ నెలవంకలో కనబడింది. ఒకసారి స్కోపు దెబ్బ తిన్నవాడు తర్వాతి గుండు కాల్చేటప్పుడు ట్రిగ్గర్ లాగే క్షణంలోనే కన్ను మూస్తాడు, భుజం ముడుస్తాడు. గుండెకు పెట్టిన గురి నడుముకు పోతుంది. అలాంటివాడికి పెద్దన్నను అంటగడితే, బెదురుగొడ్డుకు ఇంకా పెద్ద బండి కట్టినట్టే. ఈసారి కూడా మేక దెబ్బతిని పారిపోతుంది, ఆయన తుపాకి మానేస్తాడు.

చెప్పడం ఎలా? శనివారం ఉదయం ఊరి బయట రేంజిలో పెద్ద రైఫిలు కాల్చి చూపించాలని మా కఫీల్ ఏర్పాటు చేశాడు. అబూ సాలెహ్ ఇద్దరు కొడుకులతో వచ్చాడు. ఇద్దరూ మీసాలు తిరిగిన మగాళ్లు, తండ్రి అంటే భయం, గర్వం రెండూ ఉన్నవాళ్లు. ఆ నెలలోనే నా ఇకామా రెన్యువల్ కూడా ఉంది. కఫీల్ నా వైపు ఒకసారి అర్థవంతంగా చూశాడు.

బెదురు పట్టుకోవడానికి ఆర్మరర్ల దగ్గర ఒక పాత పద్ధతి ఉంది. డమ్మీ తూటాకు రూపం, బరువు అన్నీ అసలుదానివే, లోపల మందు ఉండదు. అసలు తూటాల మధ్య దాన్ని కలిపి, కాల్చేవాడికి కనబడకుండా వేరేవాడు తుపాకిలో పెడతాడు. డమ్మీ వంతు వచ్చినప్పుడు టక్కుమంటుంది, అంతే. నిబ్బరంగా ఉన్నవాడి తుపాకి కదలదు. బెదిరినవాడి గొట్టం మూతి కిందికి పొడుస్తుంది, చుట్టూ ఉన్నవాళ్లందరికీ కనబడుతుంది. కానీ కొడుకుల ముందు తండ్రికి ఆ పరీక్ష పెట్టడం కంటే ఆయన చెంప మీద కొట్టడం నయం. అక్కడే కాదు, మన దగ్గరైనా అంతే.

అందుకని ముందు నేనే కూర్చున్నాను. పద్ధతి చెప్పి, తూటాలు, డమ్మీలు అబూ సాలెహ్ చేతికి ఇచ్చి, నాకు ఆయననే పెట్టమన్నాను. కావాలనే బెదిరినట్టు నటించి ఆయనకు దారి చేద్దామని నా ఆలోచన. మొదట అసలు తూటా పెట్టాడు. పెద్దన్న తన్నిన తన్నుకు నా టోపీ ఎగిరిపోయింది. రెండోది డమ్మీ. నటించే అవసరం రాలేదు. గొట్టం మూతి జానెడు కిందికి పోయింది. కొడుకులు పడీ పడీ నవ్వారు. కఫీల్ నవ్వలేదు.

 అబూ సాలెహ్ తన పాత రైఫిలు తీసుకుని కూర్చుని, ఇప్పుడు నాకు పెట్టు అన్నాడు. నేను డమ్మీ పెట్టాను. బిస్మిల్లా అని ట్రిగ్గర్ నొక్కాడు. తుపాకి నేల వైపు పొడిచింది, కన్ను గట్టిగా మూసుకుపోయింది. ఈసారి ఎవరూ నవ్వలేదు. ఆయన చెంప తుపాకి మీద నుంచి తీయకుండా అలాగే ఉండిపోయాడు. నాకు చాలా జాలి వేసింది. కొద్దిసేపటికి కొడుకులను గహ్వా కాఫీ ఫ్లాస్కు తెమ్మని కారు దగ్గరికి పంపి, మెల్లగా అన్నాడు.

"ఆ మేకను కాల్చినప్పుడు కూడా ఇదే చేశాను కదా, రాజేశం?"

అవునన్నాను. ఈ బెదురును మాన్పే తూటా ఏది అని అడిగాడు. అలాంటిది లేదన్నాను.

సెవెన్ ఎంఎం మాగ్నమ్ కొండమేకకు సరిపోతుందని, త్రీ హండ్రెడ్ కూడా ఆయనకు అక్కర్లేదని చెప్పాను. కనుబొమ్మకు తగలకుండా స్కోపును కొద్దిగా ముందుకు జరిపాను. భుజానికి ఆనే తుపాకి మడమకు మందపాటి రబ్బరు ప్యాడ్ వేశాను. బెదురు పోయేదాకా ఇంట్లో డమ్మీలతోనే సాధన చేయమన్నాను. తర్వాత రేంజిలో, బల్ల ఆసరా లేకుండా నేల మీద కూర్చుని కాలుస్తూ, అన్నం పళ్లెమంత గురిని ఏ దూరం దాకా ఒక్కటీ తప్పకుండా కొట్టగలడో ఆయననే తేల్చుకోమన్నాను. ఆ దూరమే ఆయన హద్దు.

ఆ రోజు దుకాణం చేసిన వ్యాపారం ఒక రబ్బరు ప్యాడ్. కఫీల్ రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడో రోజు వెనక గదికి వచ్చి, తనకొచ్చిన హిందీలో "భాయ్, తుమ్ దుకాన్‌దార్ నహీ, హకీమ్", అంటే నువ్వు వ్యాపారివి కాదు వైద్యుడివి అని, ఇకామా కాగితాల మీద సంతకం పెట్టి వెళ్లాడు. మెచ్చుకున్నాడో తిట్టాడో నేను అడగలేదు.

ఆ ఎండాకాలమంతా ముసలాయన పెద్దకొడుకును పక్కన కూర్చోబెట్టుకుని డమ్మీలు పెట్టించుకున్నాడని మల్లేశం ఫోనులో చెప్పాడు. "ఇల్లంత టక్కు టక్కు. పొయ్యికాడ పిల్లి గూడ అలవాటు పడ్డదన్నా" అన్నాడు.

వేట ముగించుకుని అబూ సాలెహ్ నేరుగా దుకాణానికి వచ్చాడు. ఏమీ కొట్టకుండా తిరిగొచ్చాడు. లోయ అవతలి బండ మీద పెద్ద పోతు నిలబడిందట, కాల్చమని గైడు తొందరపెట్టాడట. దూరం కొలిచే యంత్రంలో చూస్తే తన హద్దు దాటి ఉంది. చుట్టూ తిరిగి దగ్గరికి వెళ్లేలోగా అది కొండ దాటింది. వచ్చే ఏడాది పర్మిటుకు అప్పుడే దరఖాస్తు పెట్టానన్నాడు. వెళ్తూ వెళ్తూ బీరువాలోని పెద్దన్న వైపు చూసి అన్నాడు:

"అది నా చేతిలో ఉండి ఉంటే కాల్చేసేవాణ్ని, రాజేశం."

ఆ తర్వాత నేను అక్కడ పనిచేసినంత కాలం, పెద్ద మాగ్నమ్ అడిగిన ప్రతివాడికీ ముందు ఒక ప్రశ్న వేసేవాణ్ని: ఎంత దూరం దాటితే మీరు కాల్చకుండా ఊరుకుంటారు? దానికి జవాబు చెప్పలేనివాళ్లకు బీరువా తాళం తీయలేదు.