ఖాళీ పేజీలో సంతకం పెట్టని దేశమ్మక్క

నిన్న పొద్దున మరమగ్గం ఆన్ చేసి పది నిమిషాలు కూడా కాలేదు. నా భార్య వచ్చి స్విచ్ ఆపేసింది.

నాకు ఒళ్ళు మండింది. ఏమైందని అరిచాను.

"దేశమ్మక్క పోయిందంట."

నమ్మలేదు. మొన్న సాయంత్రం కుళాయి దగ్గర నాతో మాట్లాడింది కదా. గుండెపోటట. ఆటో నగరి ఆసుపత్రికి చేరేలోపే అయిపోయిందట.

ఇది ఇవాళే రాయాలి. రేపటికి నాకు ధైర్యం చాలదు.

బయటి ఊళ్ళ ఫ్రెండ్స్ కోసం చెప్తున్నా. దేశమ్మక్క మా ఎదురింటి ఆవిడ. భర్త లేడు. మగ్గాలకు నూలు చుట్టే కూలిపని. ఐదో క్లాసు చదివింది.

నోట్లో నాలుక లేని మనిషి అనుకునేవాళ్ళం. ఎంత తప్పో పోయినేడాది గ్రామసభలో తెలిసింది.

మా ఊళ్ళో సభ అంటే ముందు మినిట్స్ పుస్తకం వస్తుంది. ఖాళీ పేజీలో వరసగా సంతకాలు పెడతాం, టీ తాగుతాం, వెళ్ళిపోతాం. తీర్మానం తర్వాత పైన రాసుకుంటారు. మా నాయన కూడా అలాగే పెట్టేవాడు.

ఆ రోజు వీధి లైట్ల మీటింగ్ అన్నారు. కానీ నూలుకు రంగులద్దే డైయింగ్ యూనిట్ ఓనరన్న ముందు వరసలో ఉన్నాడు. మా వీధి వెనక ఇంకో యూనిట్ కోసం ఆయన తిరుగుతున్నాడని అందరికీ తెలుసు. ఉన్న ఒక్కదాని రంగునీళ్ళకే మా బోరు చేదెక్కింది. రెండోది వస్తే ఆ నీళ్ళ మీద ఆశ వదులుకోవాల్సిందే.

తెలిసీ నోరు మూసుకున్నాం. మాకు నూలు ఇచ్చేది ఆయనే.

నాలుగో సంతకం నాది.

పుస్తకం దేశమ్మక్క దగ్గరికి వెళ్ళింది. పెన్ను పట్టుకుంది. పేజీ చూసింది. పెట్టలేదు.

"ఈడ ఏమీ రాయలేదే సార్. రాసి, సదివి ఇనిపించండి. అప్పుడు పెడతా."

పంచాయతీ సెక్రటరీ సార్ నవ్వి, ఎప్పుడూ ఉండే పద్ధతే కదమ్మా అన్నాడు. ఆమె పుస్తకం ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఎవరడిగినా ఇవ్వలేదు.

ఓనరన్న వెనక్కి తిరిగాడు. చాలా మెల్లగా అడిగాడు.

"ఏమ్మే, రేపట్నించి నూలు కావల్లా వద్దా నీకు?"

ఆమె పుస్తకాన్ని ఇంకాస్త దగ్గరికి లాక్కుంది.

"నూలు ఇయ్యకపోతే మానెయ్ అన్నా. తాగే నీళ్ళు సెడిపోతే యాడికి పోయేది మేము?"

గంటసేపు అలాగే కూర్చుంది. చివరికి సార్ ఫైల్లోంచి ముందే టైప్ చేసిన కాగితం తీసి చదివాడు. మూడో లైన్లోనే ఉంది. కొత్త యూనిట్‌కు గ్రామసభకు అభ్యంతరం లేదట.

ఐదుగురు లేచి వెళ్ళి తమ సంతకాలు కొట్టేశారు. తీర్మానం ఆగిపోయింది.

నేను లేవలేదు. నా సంతకం ఇప్పటికీ ఆ పేజీలోనే ఉంది.

మర్నాటి నుంచి ఆమెకు నూలు రాలేదు. పుత్తూరులో ఒక హోటల్లో గిన్నెలు కడగడానికి రోజూ బస్సులో వెళ్ళొచ్చేది. నా మగ్గం మాత్రం ఒక్క రోజూ ఆగలేదు.

ఒకసారి ఆమె ముందు నిలబడి ఏదో చెప్పబోయాను. చెప్పనివ్వలేదు.

"నీకు మగ్గం నడవాల గదబ్బా. పిల్లోళ్ళు ఉండారు."

తిట్టినా బాగుండేది.

మొన్న కుళాయి దగ్గర అన్నది కూడా సభ గురించే. ఆ కాగితం మళ్ళీ తెస్తున్నారంట, ఈసారి నా పక్కన కూర్చో అబ్బా అంది.

చూస్తాలే అక్కా అన్నాను.

చూస్తాలే. ఆమెతో నా చివరి మాట అదే.

ఓనరన్నా, ఈ పోస్ట్ నువ్వూ చూస్తావు. సభకు వస్తున్నా. పాత సంతకం కొట్టేస్తా. ఏం రాశారో చదివి వినిపించేదాకా పుస్తకం నా ఒళ్ళోనే ఉంటుంది. నూలు ఆపుకుంటే ఆపుకో.

భయంగానే ఉంది. లేదని అబద్ధం చెప్పను.

అక్కా, ఈ మాట నువ్వుండగా చెప్పాల్సింది. క్షమించు.

పోయిరా. ఎవరి దయమీదా బతకాల్సిన పని లేని చోట నీ మనసు చల్లగా ఉండాలి.