చివరి పేజీలు లేని అంతరిక్ష నౌక

1983లో ఉదయగిరి నుంచి ఆత్మకూరు శాఖా గ్రంథాలయానికి బదిలీ అయ్యాను. హోదా మూడో గ్రేడు లైబ్రేరియన్. పని మాత్రం తాళం తీయడం నుంచి బీరువాలు దులపడం దాకా అన్నీ. ఏటా స్టాకు తనిఖీలో పనికిరాని పుస్తకాలను రద్దుకు ప్రతిపాదించాలి. చేరిన వారంలోనే ఒక పాత అంతరిక్ష నవలను పక్కన పెట్టాను. నౌక ఎర్రటి గ్రహం మీద దిగీ దిగగానే పేజీలు అయిపోతాయి. మిగతావి ఎవరో చింపుకుపోయారు.

దాన్ని రద్దు కానివ్వనిది ఖాదర్ భాయ్. దుత్తలూరు రూటులో బస్సు నడిపేవాడు, డ్యూటీ దిగి నేరుగా మా వరండాలోని పేపర్ల బల్ల దగ్గరికి వచ్చేవాడు. "ఏంది మేడమ్, బండిని దోవలో ఆపేసినారు? మిగతాది మనమే నడుపుదాం" అన్నాడు. నవ్వాను గానీ, ఆ ముగింపు నాకూ కావాలనే ఉండింది.

అలా మొదలైంది ఆట. ఒక్కొక్కరు నౌకలో ఒక మనిషి. ఎదురయ్యే చిక్కు చెప్పడం నా వంతు. తన మనిషి ఏం చేస్తాడో చెప్పి ఏడు పచ్చీసు గవ్వలు వేయాలి. కనీసం నాలుగు వెల్లకిలా పడితే ఆ పని జరిగినట్టు. బాప్టిస్టు బడిలో పాఠాలు చెప్పే మార్తమ్మ టీచరు నౌకలో డాక్టరు. ఖాదర్ భాయ్ సారథి. కండక్టరు లేనిదే నౌక కదలదని ఒకటే పట్టు. ఆ ఉద్యోగం మూలన కూర్చునే పెంచలయ్యకు ఇచ్చాం.

పెంచలయ్య ఊరు సోమశిల ప్రాజెక్టు నీళ్లలో మునిగిపోయింది. ఆత్మకూరులో చెల్లెలింట్లో ఉంటూ, సాయంత్రాలు మా దగ్గర పేపరు తెరిచి ఊరికే చూస్తూ ఉండేవాడు. ఒకరోజు చెల్లెలు వచ్చి, "ముంపు ఊళ్లోళ్ల కాలనీలో ఇంటిస్థలం ఇచ్చినారు మేడమ్, మా అన్న పోయి చూసుకోడు. ఈ నెలలో పట్టా తీసుకోకుంటే ఇంకొకరికి రాసేస్తారంట. మీరన్నా చెప్పండి" అని కళ్లనీళ్లు పెట్టుకుంది. చెప్పాను. మర్యాదగా విన్నాడు, వెళ్లలేదు.

ఆటలో ఇంధనం అయిపోయింది. భూమికి మళ్లిద్దామని ఖాదర్ భాయ్ వేసిన గవ్వలన్నీ బోర్లా పడ్డాయి. ఇక అక్కడే ఇళ్లు కట్టుకోవాలి. అందరూ కట్టుకున్నారు. పెంచలయ్య మాత్రం తన వంతు వచ్చినప్పుడల్లా గవ్వల్ని పక్కకు జరిపేసేవాడు. ఎవరూ తొందరపెట్టలేదు. నాకు మాత్రం నెల అయిపోతోందని దిగులుగా ఉండేది.

ఒక సాయంత్రం గవ్వలు గుప్పిట్లో పట్టుకుని అడిగాడు: "ఆడ యాపచెట్టు ఉండాదా?"

నవలలో ఆ గ్రహం మీద గడ్డిపోచ కూడా లేదు. నేను నోరు తెరిచేలోగా ఖాదర్ భాయ్ అందుకున్నాడు: "నువ్వు నాటితే ఉంటాదిలే అన్నా."

పెంచలయ్య వేశాడు. మూడే వెల్లకిలా పడ్డాయి. లెక్కప్రకారం ఇల్లు లేనట్టే. అర మార్కు కూడా ఊరికే వేయని మార్తమ్మ టీచరు, అందరూ చూస్తుండగానే ఒక గవ్వను వేలితో తిప్పింది.

"చూసినాను టీచరమ్మా" అని పెంచలయ్య నవ్వాడు. ఆయన నవ్వగా చూడటం నాకదే మొదలు. "సరే, తలుపు తూర్పుకు పెడతా" అన్నాడు.

మర్నాడు చెల్లెల్ని వెంటబెట్టుకుని వెళ్లి పట్టా తీసుకున్నాడు. ఆ తర్వాత ఆ కాలనీకి వెళ్లినప్పుడు చూశాను: తూర్పు వాకిలి, పక్కన ముళ్లకంప కట్టిన వేపమొక్క.

బల్ల చుట్టూ కూర్చుని ఇలా పాత్రలు ఆడే ఆటలకు విదేశాల్లో నియమాల పుస్తకాలే ఉన్నాయని రిటైరయ్యాక తెలిసింది. మా దగ్గర ఉన్నది చిరిగిన నవల ఒక్కటే. పుస్తకం పూర్తిగా ఉంటేనే పాఠకుడికి పనికొస్తుందని మాకు శిక్షణలో చెప్పారు. ఆత్మకూరు తర్వాత, చివరి పేజీలు లేవన్న కారణంతో నేను ఏ పుస్తకాన్నీ రద్దుకు పెట్టలేదు.