గోడ మీద గాజు పెంకుల్లేని చోటు

మా వెనకింటి ఆపా మొన్న గురువారం తెల్లవారకముందే పోయింది. ఆదివారం మన అపార్ట్‌మెంట్ సెల్లారులో జరిగిన సంతాప సభలో సెక్రటరీ గారు మైకు పుచ్చుకుని, "ఆవిడ ఆ రోజుల్లో ఇళ్లకు వెళ్లి పిల్లల్ని చూసుకునేవారు" అన్నారు. సభలో తప్పు పట్టడం మర్యాద కాదని ఊరుకున్నాను. మర్యాద ఆదివారంతో అయిపోయింది కాబట్టి ఇప్పుడు మన కాలనీ పత్రికలో దిద్దుతున్నాను. ఆపా ఎవరింటికీ వెళ్లలేదు. చూసుకున్నది కూడా ఊళ్లో పిల్లలందరినీ కాదు, మా ఒక్క పిల్లని. ఆ పిల్లే ఆవిడ దగ్గరికి వెళ్లేది, అదీ గోడ మీద నుంచి.

కొత్తగా వచ్చినవాళ్లకు చెప్పాలి. ఆపా అంటే ఉర్దూలో అక్క. ఎనభైల మొదట్లో ఈ అపార్ట్‌మెంట్ ఉన్న చోట రెండు వాటాల పెంకుటిల్లు ఉండేది. ఒక వాటాలో మేము అద్దెకుండేవాళ్లం. ఆపా ఇల్లు వెనక సందులో ఉన్నదే, ఇప్పటికీ ఉన్నదే. గుమ్మాలు వేరే సందుల్లో ఉన్నా రెండిళ్లకూ వెనక గోడ ఒకటే, ఇప్పుడున్నదీ ఆ గోడే. ఆ గోడ మీద మా ఇంటివాడు సిమెంటులో గాజు పెంకులు గుచ్చి పెట్టాడు. మా ఇంట్లో దొంగ ఎత్తుకుపోవడానికి ఏముందని ఆయన అనుకున్నాడో నాకు ఇప్పటికీ తెలియదు.

మావారు సనత్‌నగర్ ఫ్యాక్టరీలో మొదటి షిఫ్టుకి చీకటితోనే వెళ్లిపోయేవారు. నాకు పంజాగుట్టలో బడి. మా పిల్లకు పది నెలలు నిండేదాకా మా అమ్మ ఉండి చూసుకుంది, తర్వాత ఊరెళ్లిపోయింది. పగలు నేను చూస్తానంది ఆపా. అప్పటి నుంచి రోజూ పొద్దున్నే పిల్లని చంకనేసుకుని సందంతా చుట్టి ఆపా ఇంట్లో దింపి, మళ్లీ మెయిన్ రోడ్డుకి పరుగెత్తేదాన్ని. ఈలోగా బస్సు నన్ను చూసి మరీ వెళ్లిపోయేది. మా హెడ్మిస్ట్రెస్సు గడియారం వైపు చూసి, తర్వాత నా వైపు చూసేవారు. నోరు తెరిచి తిట్టినా బాగుండేది.

అలా ఒగర్చుకుంటూ వెళ్లిన ఒక రోజు ఆపా అడిగింది.

"ఏంది టీచరమ్మా, పిల్లను సంకలేసుకొని దినాం పరుగు పందెమా? మీ ఇంటెనకే నా ఇల్లున్నది గదా. గోడ మీదకెళ్లి అందియ్యరాదూ?"

"గాజు పెంకులున్నాయి కదా ఆపా."

"ఉన్నయి. రేపటికి ఉండయి."

ఆ సాయంత్రం నేను బడి నుంచి వచ్చేసరికి వెనకాల టంగుటంగుమని చప్పుడు. ఆపా స్టూలెక్కి, మసాలా దంచే ఇనప రోకలితో గోడ మీద పెంకుల్ని రాలగొడుతోంది. ఒక పిల్ల, రెండు చేతులు పట్టేంత చోటు మేరకే కొట్టి ఆపేసింది. అక్కడంతా ఇసుకరాయితో రుద్ది, తన బుగ్గ ఆనించి చూసుకుంది. చేత్తో చూస్తే చాలదట, పిల్ల తొడలు మెత్తగా ఉంటాయట.

మర్నాడు ఇంటివాడు వచ్చి మా వైపు గోడ దగ్గర నిలబడి కేకలు. "గోడ నాది! దొంగొస్తే ఎవరిది జిమ్మేదారీ?"

"దొంగొస్తే నా ఇంట్లకెళ్లే రావాలె గదా సాబ్. వాణ్ని సుత ఎత్తుకొని మీకు అందిస్తనా? గోడ మీదే. గీ పెంకులు సుత మీవే, తీస్కపోండ్రి" అని ఏరి పెట్టిన గాజు ముక్కల్ని డాల్డా డబ్బాలో పోసి గోడ మీద పెట్టింది. ఆయన డబ్బా తీసుకుని వెళ్లాడు. డబ్బా మాత్రం తిరిగి ఇవ్వలేదని ఆపా చాలా ఏళ్లు చెప్పుకుంది.

అప్పటి నుంచి మా పిల్ల ప్రయాణం గోడ మీద నుంచే. నేను ఇటు బకెట్ బోర్లించి ఎక్కేదాన్ని, ఆపా అటు స్టూలెక్కేది. ముందు ఆకుపచ్చ గాజుల చేతులు రెండు పైకి వచ్చేవి, తర్వాతే ముఖం. కొన్నాళ్లకి మా పిల్ల ఆ చేతులు కనబడగానే నా చంకలోంచే దూకబోయేది. తల్లిగా నాకది గొప్పగా ఏమీ అనిపించలేదు. సాయంత్రం తిరిగొచ్చేసరికి కళ్లకి సుర్మా, ఒంటికి అత్తరు, గుప్పిట్లో నానిపోయిన బిస్కట్టు ముక్క. ఆ బిస్కట్టు నాకు పెట్టడానికే పొద్దుటి నుంచి దాచిందని ఆపా చెప్పేది. అది ఏ రంగులో ఉందో చూడకుండా తినేసేదాన్ని.

ఒకసారి నెలకింత ఇస్తానని జీతం మాట ఎత్తాను. మర్నాడు గోడ మీదికి చేతులు వచ్చాయి, పిల్లని తీసుకున్నాయి. ముఖం మాత్రం రాలేదు. ఆ వారమంతా ముఖం రాలేదు. మళ్లీ ఆ మాట ఎత్తలేదు.

ఆపా పెంపకంలో గారం తక్కువ, కట్టుబాటు ఎక్కువ. "ఏడిస్తే ఏడ్వనియ్యి టీచరమ్మా, పిల్లలకు అదొక్కటే గదా పని" అనేది. తిండి దగ్గర మరీను. మధ్యాహ్నం నేల మీద దస్తర్‌ఖాన్ పరిచేది. అంటే అన్నాల గుడ్డ, ఎర్ర అంచున్న తెల్లది. దాని చుట్టూ ఆవిడ ఇద్దరు మగపిల్లలూ మా పిల్లా. మేం మాంసం తినం కనక నేను పంపిన పప్పన్నం మా పిల్లకి వేరే గిన్నెలో. పెద్దవాళ్లు మొదటి ముద్ద నోట్లో పెట్టుకునేదాకా పిల్లలెవరూ గిన్నె ముట్టకూడదు. అది ఆ ఇంటి చట్టం. చట్టాన్ని మగపిల్లలిద్దరూ వీలున్నప్పుడల్లా మీరేవాళ్లు. మా పిల్ల మాత్రం నడక రాకముందే నేర్చుకుని, ఆపా నోటి వైపే చూస్తూ కూర్చునేది.

ఆ నేర్చుకోవడమే మా కొంప మీదికి వచ్చింది.

పిల్లకి ఏడాదిన్నర దాటిన వానాకాలం అది. బడులు తెరిచిన నెలలోనే రంజాన్ వచ్చింది. కొన్నాళ్లకి పిల్ల చిక్కిపోవడం మొదలైంది. పొద్దున నా దగ్గర రెండు ముద్దలు, రాత్రి నిద్రలో నాలుగు. పగలు పంపిన గిన్నె పంపినట్టే గోడ దాటి వెనక్కి వచ్చేది.

"ఏం జేసినా ముడతలేదు టీచరమ్మా" అని ఆపా తల పట్టుకుంది. "బుగ్గలు వట్టి పెట్టిన, ఉమ్మేసింది. కత జెప్పిన, కత ఇన్నది, బువ్వ ఇడిసిపెట్టింది."

సరిగ్గా అప్పుడే మా అత్తగారు తెనాలి పక్క పల్లె నుంచి దిగారు. పిల్ల చొక్కా పైకెత్తి చూశారు.

"ఏంటే ఇది? పక్కటెముకలు లెక్కపెట్టచ్చు. బడి వయసు వచ్చేదాకా నా దగ్గర ఉంచుకుంటాను. నువ్వు నీ పాఠాలు చెప్పుకో."

"పాఠాలూ చెప్తాను, పిల్లనీ పెంచుతాను అత్తయ్యా."

"రెండూ చేస్తే ఇదిగో, ఇలా ఉంటుంది."

మావారు పేపరు మడత పెట్టారు, మళ్లీ విప్పారు. ఆయన అభిప్రాయం అంతవరకే. మర్నాడు మాత్రం రైలు టికెట్టు తెచ్చి అల్మారాలో పెట్టారు, వాళ్లమ్మ చెప్పారని. అప్పట్లో పిల్లల్ని అలా పంపడం వింత కాదు. మా బడిలో పనిచేసే ఇద్దరు పంపారు. ఆ పిల్లలు వేసవి సెలవుల్లో వచ్చి తల్లుల్ని ఎవరో చుట్టాల్ని చూసినట్టు చూసేవాళ్లు. నేను పంపదలుచుకోలేదు. ఉద్యోగమూ మానదలుచుకోలేదు. అసలు పిల్ల ఎందుకు తినడం లేదో నా కళ్లతో చూడాలని బడికి సెలవు పెట్టి, మధ్యాహ్నం ఆపా ఇంటికి వెళ్లి తలుపు వారన నిలబడ్డాను. నా వెనకే అత్తగారు. నన్ను ఒంటరిగా దేన్నీ తేల్చనివ్వరు ఆవిడ.

దస్తర్‌ఖాన్ పరిచారు. మగపిల్లలు తినేసి లేచారు. మా పిల్ల గిన్నె ముందు బాసింపట్టు వేసుకుని, గుప్పిళ్లు మూసుకుని, తలెత్తి ఆపా నోటి వైపు చూస్తోంది. ఆపా బతిమాలుతోంది, పిల్ల చూస్తూనే ఉంది. ఆకలికి పెదవి వణుకుతోంది, గుప్పిలి విప్పదు.

నాకు అర్థమైంది. "ఆపా, నువ్వు తినడం లేదు కదా. నీ మొదటి ముద్ద కోసం కాచుకుని ఉంది."

ఆపా చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. "యా అల్లా! గీ పిల్ల నా తోటి రోజా ఉంటున్నదే!" అని దాన్ని లాక్కుని గుండెకి అదుముకుంది. తర్వాత గట్టిగా అంది: "రేపటి సంది నేను రోజా ఇడుస్త. అల్లాకు నేను జవాబు జెప్పుకుంట."

"వద్దు. నీ ఉపవాసం చెడగొట్టి నా పిల్లని పెంచుకోను" అన్నాను నేను.

"మరి టికెట్ కొన్నరు గదా! పిల్లను బండెక్కిస్తవా?"

ఇద్దరం మొండివాళ్లమే. ఇద్దరి మధ్యా పిల్ల. అప్పుడు ఆపా నా భుజం మీదుగా మా అత్తగారి వైపు చూసింది.

"అమ్మా, నేను పొద్దుగూకే దాంక నోట్ల నీళ్లు సుత పొయ్య. ఈమెనేమో బడికి పోవాలె. పెద్దదానివి నువ్వున్నవు. జర నువ్వొచ్చి మొదటి ముద్ద పెట్టుకోరాదూ?"

మా అత్తగారి గురించి రెండు ముక్కలు. ఆవిడ మడి కట్టుకుని తను వండుకున్నది తప్ప మా అమ్మ చేతి వంట కూడా ముట్టరు. ఆవిడ చాలాసేపు పిల్ల గుప్పిళ్ల వైపు చూశారు.

"నా గిన్నె, నా నీళ్లు, నా పీట" అన్నారు. "ఆ గుడ్డ అంచు నాకు తగలకూడదు."

మర్నాడు మధ్యాహ్నం పీట గోడ మీద నుంచి వెళ్లింది. గిన్నె వెళ్లింది, నీళ్ల చెంబు వెళ్లింది. అత్తగారు మాత్రం సందు చుట్టి హుందాగా నడిచి వెళ్లారు. ఆ పూట కూడా సెలవు పెట్టాను, చూడకుండా ఉండలేక. ఆవిడ అంచుకి జానెడు దూరంలో కూర్చుని, పప్పన్నం కలిపి, ముద్ద నోట్లో పెట్టుకున్నారు. పిల్ల ఆవిడ నోరు చూసింది. తర్వాత ఆపా ముఖం చూసింది. ఆపా తలూపింది. గుప్పిలి విచ్చుకుంది.

ముద్ద మీద ముద్ద గబగబా మింగింది. "మెల్లగా తినవే, గొంతుకి అడ్డం పడుతుంది" అన్నారు అత్తగారు.

పండగ దాకా పీట రోజూ గోడ దాటింది. టికెట్టు వెనక్కి ఇచ్చేయమని ఆవిడే కొడుక్కి చెప్పారు. పండగనాడు ఆపా పంపిన షీర్ ఖుర్మా పాయసం ముట్టలేదు కానీ, ఖర్జూరం ఎంతసేపు నానాలో గోడ దగ్గర నిలబడి కనుక్కుని, తన పాలతో తన గిన్నెలో తనే వండుకున్నారు. బాగా కుదరలేదు. ఆ మాట ఆపా అనలేదు, నేను అన్నాను. ఊరికి ఒక్కరే వెళ్లారు. వెళ్లేటప్పుడు పీట మాత్రం ఆపా ఇంట్లో ఉంచేశారు.

మా పిల్లకి ఇప్పుడు కళ్లజోడు, ఇద్దరు పిల్లలు. గురువారం సాయంత్రం ఖనన సంస్కారం అయ్యాక మేమిద్దరం ఆపా ఇంట్లోనే ఉన్నాం. చావు ఇంట్లో పొయ్యి వెలిగించరు కనక బోరబండ నుంచి చుట్టాలు వండి తెచ్చారు. దస్తర్‌ఖాన్ పరిచారు. ఆపా కొడుకులు, కోడళ్లు, మనవలు, మా పిల్ల, అందరూ కూర్చున్నారు. ఎవరూ చెయ్యి పెట్టడం లేదు. ఏమిటా అని తలెత్తితే అందరూ నా వైపే చూస్తున్నారు. ఆ ఇంటికి పెద్దదాన్ని నేనే అయ్యానని అప్పుడు తెలిసింది. నాకు ముద్ద దిగేలా లేదు. కానీ పిల్లలు ఆకలితో ఉన్నారు. ఉత్త అన్నం కలిపి నోట్లో పెట్టుకున్నాను. అప్పుడు తిన్నారు.

ఇక పని మాట. పక్క హాస్టల్ కుర్రాళ్లు దూకుతున్నారని వెనక గోడ బాగుచేయించి పైన కొత్తగా గాజు పెంకులు పెట్టించాలని మన సంఘం తీర్మానించింది. వచ్చే సోమవారం మేస్త్రీ వస్తాడు. సెక్రటరీ గారూ, తప్పు మాట్లాడినందుకు ఈ పని మీదే. ముందురోజు ఆదివారమే స్టూలూ సుద్దముక్కా పట్టుకుని వెళ్లి, ఆపా ఇంటి జామచెట్టుకి ఎదురుగా ఉన్న చోటికి రెండు వైపులా గీత గీసి రండి. ఆ గీతల మధ్య ఒక్క పెంకు కూడా పెట్టొద్దని మేస్త్రీకి చెప్పండి. గుర్తుపట్టడం కష్టం కాదు, చేత్తో తడిమితే నున్నగా ఉంటుంది. చెయ్యి తెగితే అది కాదన్నమాట, ఇంకొంచెం పక్కకి జరగండి.