అంటుకుంటుందని అనకూడదు

మా అక్క గేటు మీద చెయ్యి వేసిందో లేదో, అమ్మ అరుగు మీంచి కేకేసింది. "అక్కడే ఆగు అమ్మాయ్! లోపలికి రాకు."

మామిడికుదురు నుంచి బస్సులో వచ్చి, ఎండలో నడిచొచ్చిన మనిషి. చేతిలో రెండు కొబ్బరిబోండాలు. "పిల్లని చూద్దామని వచ్చేనమ్మా. ఓ పూట నేను కూర్చుంటే నీ కోడలు నడుం వాలుస్తుంది" అంది.

"చెబుతున్నానా, నువ్వు రాకూడదు."

ఎందుకని అడిగితే అమ్మ వెళ్ళమని చెయ్యి ఊపింది. అక్క బోండాలు కింద పెట్టింది. "ఆయ్, సరేనమ్మా. నాలాంటిది చూడకూడదులే." నేను గేటు దాకా వెళ్ళేసరికి మలుపు తిరిగిపోయింది. పెళ్ళయి చాలా ఏళ్ళయినా అక్కకి పిల్లల్లేరు. అత్తవారి ఊళ్ళో పేరంటాలకి పిలవడం మానేశారు. పుట్టిల్లు మాత్రం అలా చూడదని ఆమె నమ్మకం.

ఇది తొంభైల నాటి మాట. ఆరేళ్ళ మా అమ్మాయికి ఒళ్ళంతా ఆటలమ్మ. మా వైపు దాన్ని జబ్బు అనరు, అమ్మవారు వచ్చిందంటారు. గుమ్మానికి వేపమండ, పిల్లకి అరిటాకు పక్క, వంటింట్లో తాళింపు బంద్. చప్పిడి పప్పు తినలేక నేను నీరసించిపోయాను. అమ్మ మనవరాలిని మీరు అనడం మొదలుపెట్టింది. "గోక్కోకండి తల్లీ" అని బతిమాలేది. పిల్ల త్వరగానే కిటుకు కనిపెట్టింది. "నాయనమ్మా, అమ్మవారికి జీళ్ళు కావాలంట!" కాదనే ధైర్యం అమ్మకి లేదు.

అలా ఇంటికొచ్చిన దేవతని పట్టుకుని, అంటుకుంటుందని అనడం అమ్మ లెక్కలో అపచారం. అక్కకి చిన్నప్పుడు ఆటలమ్మ పోయలేదు. పెద్దయ్యాక పోస్తే ప్రాణం మీదికొస్తుందని అమ్మ భయం. ఆ భయం చెప్పాలంటే అనకూడని మాట అనాలి.

పిల్లకి తగ్గి వేపాకు నీళ్ళు పోశాక అమ్మ నన్ను వెంటబెట్టుకుని అక్క ఇంటికి వెళ్ళింది. ఆ రోజు గేటు దగ్గరే ఎందుకు ఆపిందో చెప్పింది. అక్క కాఫీ ఇచ్చి, అంతా విని, "మరి నీ కోడలు లోపలే ఉందిగా?" అంది.

"దానికి పుట్టింట్లోనే పోసిందటే."

"ఆయ్. అన్నీ భలే కుదిరేయి."

అమ్మ కాఫీ సగంలో వదిలేసింది. తర్వాత కూడా అక్క మా ఇంటికి వచ్చింది, మా అమ్మాయి పెళ్ళిలో అందరికీ వడ్డించింది, అమ్మ పోయినప్పుడు ఏడ్చింది. ఆ రోజు మాట మాత్రం ఎన్నడూ ఎత్తలేదు. అమ్మ చెప్పింది నమ్మిందో లేదో నాకు తెలియదు. అక్కకి ఇప్పటివరకూ ఆటలమ్మ పోయలేదు.