రెండిళ్ళ మధ్య వీణ క్యాసెట్టు

మొన్న మోకాలి నొప్పి చూపించుకుందామని రాజమండ్రి వెళ్ళి ఆసుపత్రి హాల్లో కూర్చుంటే, పక్క కుర్చీలో ఒక చిన్నపిల్లాడు చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని కళ్ళు మూసుకుని ఏదో వింటున్నాడు. ఊరికే ఉండలేని నోరు కదా నాది, ఏం పాటలమ్మా అని వాళ్ళమ్మని అడిగాను. ఆ అమ్మాయి గొంతైనా తగ్గించకుండా, వాడికి ఫిట్స్ అనీ, మందులు వాడుతున్నామనీ, వాటితోపాటు మెల్లటి సంగీతం వినిపిస్తే కొందరు పిల్లలకి మేలు చేయవచ్చేమో అని డాక్టరంటే వినిపించి చూస్తున్నామనీ చెప్పుకుపోయింది. హాల్లో ఒక్కరూ తల తిప్పలేదు. ఎవరైనా విన్నారేమోనని భయంభయంగా చుట్టూ చూసింది నేనే.

మా ఇంట్లో ఆ జబ్బుకి పేరుండేది కాదు. 'అది' అనేవాళ్ళు, అంతే. నిన్న పొద్దున్న మళ్ళీ 'అది' వచ్చింది అంటే వచ్చింది నాకని అర్థం. మాది కడియం, నాన్నకి చిన్న గులాబీల నర్సరీ ఉండేది. తొంభైల మొదట్లో, నేను ఆరో తరగతిలో ఉండగా 'అది' మొదలైంది. నాయనమ్మ నా గుప్పిట్లో తాళంచెవుల గుత్తి పెట్టి ఇనుము పట్టుకుంటే ఆగిపోతుందని కూర్చునేది. ఆగిపోలేదు. మొక్కల లారీ మాట్లాడాలని ఊళ్ళో చెప్పి నాన్న నన్నూ అమ్మనీ రాజమండ్రి తీసుకెళ్ళాడు. అక్కడ నరాల జబ్బులు చూసే డాక్టరు గారు పెద్దాయన. మాత్రలు ఒక్కరోజు కూడా మానకూడదనీ, పిల్లని ఒంటరిగా కాలవకి పంపకూడదనీ గట్టిగా చెప్పి, చివర్లో మాత్రం కాస్త నవ్వుతూ, పడుకునే ముందు ఏదైనా వాద్య సంగీతం మెల్లగా వినిపించి చూడండి, పనిచేస్తుందని మాటివ్వలేను, చెడు చేయదు, కానీ మందులకి బదులు అనుకోకండి అన్నారు.

నాన్న టేపు రికార్డరూ, ఒక వీణ క్యాసెట్టూ కొనుక్కొచ్చాడు. ఈ రోజుల్లో పిల్లలకి చెప్పినా అర్థం కాదు గానీ, మన వయసువాళ్ళకి తెలుసు, ఆ రోజుల్లో ఇంట్లోకి టేపు రికార్డరొచ్చిందంటే కొత్తకోడలొచ్చినంత హడావిడి. మెల్లగా వినాల్సిన ఆ వీణకి మా అమ్మ ఇంకో పని కనిపెట్టింది. 'అది' వచ్చినప్పుడు నా గొంతులోంచి ఒక అరుపు వచ్చేదట, పక్కింటికీ మాకూ మధ్య ఒక్కటే గోడ. ఆ అరుపు గోడ దాటకుండా అమ్మ టేపు వాల్యూం అంతా పెంచేసేది. నా దగ్గరికి రాకముందే టేపు దగ్గరికి పరిగెత్తేదని నాయనమ్మ ఎప్పుడో కోపంలో అనేసింది. నాకు తెలివొచ్చేసరికి పరికిణీ తడిసి ఉండేది, చెవుల్లో వీణ హోరెత్తేది. ఆ వాద్యమంటేనే నాకు వణుకు పట్టుకుంది. బయటికి మాత్రం మా పిల్లకి సంగీతం పిచ్చని చెప్పుకున్నారు, దాంతో బళ్ళో ప్రార్థన పాడమని నన్ను నిలబెట్టారు. నవ్వకండి, నా గొంతు వింటే కాకులు కూడా లేచిపోతాయి. పాట వింటుంటే హాయిగా ఉందా అమ్మా అని డాక్టరు గారు అడిగితే, చాలా బాగుందండీ అని అమ్మే చెప్పేసేది, నేను తలూపేదాన్ని.

కొన్నాళ్ళకి పక్కింట్లోంచి కూడా ఉన్నట్టుండి వీణ హోరెత్తడం మొదలైంది. మనల్ని చూసి కొనుక్కున్నారు, పోటీ కాకపోతే ఏంటి, అని అమ్మ మూతి తిప్పేది. పక్కింటి పిన్నిగారికి నాకన్నా చిన్నది ఒక్కతే కూతురు. నన్ను పంపనట్టే ఆ పిల్లనీ కాలవ రేవుకి పంపేవారు కాదు, గారాబం అనుకునేవాళ్ళం. మనకున్న గుట్టు ఎదుటివాళ్ళకీ ఉంటుందని ఎవరికి తడుతుంది చెప్పండి.

ఒకసారి మందుల కోసం వెళ్తే డాక్టరు గారి హాల్లో పిన్నిగారూ, ఆ పిల్లా కూర్చుని ఉన్నారు. పిన్నిగారి మొహం పాలిపోయింది. ఏంటి అక్కగారూ ఇలా వచ్చారు అని ఆవిడంటే, తలనొప్పండీ అంది అమ్మ. మీరో అంటే, మా ఆయనకి బీపీ అంది ఆవిడ, పక్కన ఆయన లేడు. అంతలో కాంపౌండరు ఆ పిల్ల పేరు పిలిచాడు. పిన్నిగారు లేవలేదు. మళ్ళీ పిలిచాడు. పిల్ల లేవబోతే చెయ్యి పట్టి లాక్కుని, మేం కాదండీ అన్నట్టు గబగబా బయటికి నడిచింది. ఆ పిల్ల వెనక్కి తిరిగి నన్ను చూస్తూనే వెళ్ళింది. ఇంటికొచ్చాక అమ్మ గొంతు తగ్గించి, వాళ్ళకీ ఉందన్నమాట, ఇంక మన సంగతి బయటపెట్టరులే అంది. చెప్పడానికి సిగ్గేస్తోంది, ఆ మాటకి నాకూ ప్రాణం లేచొచ్చింది. అటు తర్వాత పక్కింట్లో వీణ వినపడలేదు, కొన్నాళ్ళకి వాళ్ళు ఇల్లు ఖాళీ చేసి నరసాపురం వైపు వెళ్ళిపోయారు.

నాకు మాత్రలతో క్రమంగా తగ్గి, కాలేజీలో ఉండగా డాక్టరు గారే నెమ్మదిగా మాన్పించారు. పెళ్ళయ్యాక ఒకసారి మొగల్తూరులో ఎవరిదో పెళ్ళికి వెళ్తే, పందిట్లో ఒకావిడ వచ్చి నా చెయ్యి పట్టుకుంది. జుట్టు తెల్లబడిపోయింది గానీ పిన్నిగారే.

"నీకు తగ్గిపోయిందటగా, చల్లగా ఉండు తల్లీ. ఆ రోజు మీ కళ్ళబడ్డాం కదమ్మా, ఇంక ఆ డాక్టరు గారి గుమ్మం ఎక్కలేకపోయాను. మాత్రలాగిపోయాయి. మా పిల్ల కాలవ రేవులో పోయింది."

ఆవిడ గొంతులో కోపం లేదు, ఉన్నా బాగుండేది. పందిరంతా జనం, సన్నాయి మోగుతోంది, ఎవరైనా వింటారేమోనని చుట్టూ చూశాను. నా నోట్లోంచి వచ్చిన మాటేంటో తెలుసా? భోంచేశారా పిన్నిగారూ, అన్నాను. ఆవిడ నా చెయ్యి వదిలేసింది.

సంగీతం ఆ జబ్బుకి మేలు చేస్తుందా అని నన్నడిగితే నాకు తెలియదు. మేం దాన్ని ఏనాడూ మందులా వినలేదు, కప్పుకోవడానికి వాడుకున్నాం. ఒకే జబ్బున్న ఇద్దరు ఆడపిల్లలం ఒకే గోడకి చెరోవైపు పెరిగాం, ఒక్క పూటైనా పక్కపక్కన కూర్చుని ఆ క్యాసెట్టు మెల్లగా విని ఉంటే ఆ పిల్లకి భయం తగ్గేదేమో, వాళ్ళమ్మకి సిగ్గు తగ్గేదేమో, మాత్రలు ఆగేవి కావేమో. ఇప్పుడు కాలం మారింది, తల్లులు జబ్బుని పేరు పెట్టి చెబుతున్నారు, చెప్పినవాళ్ళని ఎవరూ వెలివేయడం లేదు. చూస్తుంటే సంతోషంగానే ఉంటుంది. కానీ నేనెంత మారానో అడగకండి. పెళ్ళై ఇన్నేళ్ళయింది, పిల్లలు పెద్దవాళ్ళయ్యారు, చిన్నప్పుడు నాకు ఫిట్స్ ఉండేవని మా ఆయనకి ఇవాళ్టిదాకా చెప్పలేదు. ఇది చదివాకే ఆయనకి తెలుస్తుంది.