మంకీ క్యాప్‌లో పెళ్ళిచూపులు

పెళ్ళిచూపులకు మంచుకొండను ఎంచుకున్న ఘనత మా అన్నయ్యదే. ఎనభైల మొదట్లో సంగతి. నేను టెక్సాస్‌లో ఎమ్మెస్ చదువుతూ, సెలవులకు ప్లేనోలో అన్నయ్యా వదినల ఇంటికి వెళ్తుండేదాన్ని. ఆ చలికాలం "ఫ్రెండ్స్ అందరం కొలరాడోకి స్కీయింగ్‌కి వెళ్తున్నాం, నువ్వూ రా" అన్నాడు. కారు ఊరు దాటాక వదిన నెమ్మదిగా అసలు విషయం బయటపెట్టింది. అన్నయ్య స్నేహితుడి బావమరిది డెన్వర్‌లో ఇంజనీరట, అతనూ వస్తున్నాడట.

"క్యాజువల్‌గా మాట్లాడుకోండి. ప్రెషర్ ఏం లేదు" అంది.

నాకు ఒళ్ళు మండింది. అప్పటికే ఇండియాలో ఇద్దరు నన్ను చూసి వెళ్ళారు. ఇద్దరూ నా చదువు మెచ్చుకుని, తర్వాత "అమ్మాయి కొంచెం నలుపు" అని కబురు పంపారు. రెండో అతనైతే నేను తలెత్తగానే ముఖం ముడుచుకున్నాడు. మూడోసారి తట్టుకోవడం నావల్ల కాదని వదినతో చెప్పాను. "ఈయన అలాంటివాడు కాదులే" అంది. ఆవిడా అతన్ని ఫొటోలోనే చూసింది, అది నాకూ చూపించింది.

మరునాడు పొద్దున కొండ దగ్గర కలుసుకున్నాం. నేను ముక్కుదాకా మఫ్లర్ చుట్టి, గాగుల్స్ పెట్టుకున్నాను. అతను ఇండియా నుంచి తెచ్చుకున్న మంకీ క్యాప్ వేసుకున్నాడు. ఎవరెవరో గొంతును బట్టి గుర్తుపట్టాల్సిందే. నా రంగు అంగుళమైనా కనిపించలేదు. ఏ పెళ్ళిచూపుల్లోనూ నేను అంత హాయిగా లేను.

స్కీయింగ్ అతనికీ రాదు, నాకూ రాదు. పిల్లలు నేర్చుకునే చిన్న వాలు మీద మా ఇద్దర్నీ వదిలేసి మిగతావాళ్ళు పైకి వెళ్ళిపోయారు. ఐదేళ్ళ పిల్లలు పక్కనుంచి సర్రున జారిపోతుంటే, మేము ఒకరినొకరు లేపబోయి ఇద్దరం పడుతున్నాం.

"ఆగడం ఎలాగో నేర్చుకున్నారా?" అన్నాను.

"పడిపోవడమే బ్రేకండీ" అన్నాడు.

కడుపుబ్బ నవ్వాను. మధ్యాహ్నానికల్లా అతను నాకు నచ్చేశాడు. దాంతో భయం రెట్టింపైంది.

లంచ్‌కి అందరం లాడ్జిలో చేరాం. వదిన పులిహోర డబ్బా తీసింది. ఇక తప్పదని గాగుల్స్ తీసి, మఫ్లర్ విప్పాను. అతను నా ముఖంలోకి చూసి, పొద్దుటి నవ్వే నవ్వుతూ "ఆకలేస్తోందండీ" అన్నాడు. ఎంత తేలికపడ్డానో చెప్పలేను. అప్పుడతను మంకీ క్యాప్ తీశాడు. నెత్తిమీద ఒక్క వెంట్రుక లేదు. మాకు పంపిన ఫొటోలో ఒత్తైన నొక్కుల జుట్టు ఉంది.

నవ్వబోయాను. కానీ నా ముఖం నా మాట వినలేదు. అతని నవ్వు ఆగిపోయింది.

"ఫొటో పాతదండీ. ముందే చెప్పాల్సింది" అని క్యాప్ మడతపెట్టుకున్నాడు.

సిగ్గుతో చచ్చిపోయాను. ఆ తర్వాత ఎంత కలుపుగోలుగా మాట్లాడినా అతను మర్యాదగా జవాబిచ్చాడు, అంతే. ఆదివారం తిరుగు ప్రయాణంలో, ఎవరూ అడక్కుండానే "నాకిష్టమే" అని అన్నయ్యతో చెప్పాను. నిజంగానే ఇష్టం.

వారం తర్వాత అన్నయ్య ఫోన్ పెట్టేసి నా వైపు తిరిగాడు.

"వద్దన్నాడే."

"నలుపనా?"

"కాదు. చాలా మంచి అమ్మాయన్నాడు. తను క్యాప్ తీసినప్పుడు నీ ముఖం చూశాడట, అది మర్చిపోలేకపోతున్నాడట. అసలేం చేశావే?"

"చూశానన్నయ్యా, అంతే" అన్నాను.